ఇంట్లో ఎనాక్సపారిన్ ఇంజెక్షన్: సూది వేసే చేతికి, పక్కన ఉండే మనుషులకు

తుంటి కీలు గాని, మోకాలి కీలు గాని మార్చిన తర్వాత ఇంటికి పంపేటప్పుడు చాలామంది డిశ్చార్జి కాగితంలో ఒక వరుస కనిపిస్తుంది: ఎనాక్సపారిన్ 40 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి, చర్మం కింద. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఇది. నేను గుంటూరులో ఎముకల వార్డులో నర్సుని. ఆ వరుస చదివి, ‘ఇది ఇంట్లో మీరే వేయాలి’ అనగానే వచ్చినవాళ్లలో సగంమంది వెనక్కి జరుగుతారు. సూది వేయడం ఎవరికైనా వస్తుంది. ఒక పూట దగ్గరుండి నేర్పితే చాలు. నాకు దిగులంతా సూది వేసిన తర్వాత మిగిలిన రోజు గురించే. ఆ రోజంతా ఆ మనిషి ఒంట్లో రక్తం తేలిగ్గా గడ్డకట్టదన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, ఊళ్లో వైద్యం చేసేవాళ్లకూ తెలిసి ఉండాలి. అందుకే రెండూ రాస్తున్నాను. మోతాదు, రోజులు మీ డాక్టరు చెప్పినవే. వాటిని ఇక్కడ చూసి మార్చుకోవద్దు.

ముందు ఎందుకో తెలియాలి. ఆపరేషన్ తర్వాత కాలు కదపకుండా పడుకుంటే పిక్కలోని లోతు సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లే ఈ ప్రమాదం అనుకుంటారు, కాదు. ఇంటికి వెళ్లిన తర్వాత కూడా కొన్ని వారాలు ఉంటుంది. తుంటి మార్పిడికి ఈ మందు 35 రోజుల వరకు కొనసాగించడం అందుకే. ‘లేచి నడుస్తున్నాం కదా, ఇక చాలు’ అని పదో రోజునే ఆపేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎనాక్సపారిన్ ఉన్న గడ్డను కరిగించదు. మన రక్తంలోనే ఉండే యాంటీథ్రాంబిన్ అనే పదార్థానికి బలం ఇచ్చి, కొత్త గడ్డ కట్టకుండా, కట్టినది పెరగకుండా ఆపుతుంది. మధ్యలో మానేస్తే ఆ కాపలా ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది.

మోతాదు చూసుకోవడం

సిరంజి మందు నింపే వస్తుంది. పెట్టె మీద 40 మి.గ్రా. అని, దాని పక్కన 0.4 మి.లీ. అని, కొన్నింటి మీద 4000 యూనిట్లు అని ఉంటుంది. మూడూ ఒకటే మోతాదు. 60 మి.గ్రా. అయితే 0.6 మి.లీ., 80 అయితే 0.8. డాక్టరు రాసిన మిల్లీగ్రాముల అంకె, పెట్టె మీది మిల్లీగ్రాముల అంకె సరిపోవాలి. ఒకటి మిల్లీగ్రాముల్లో, ఇంకొకటి యూనిట్లలో కనిపిస్తే మీరే లెక్క కట్టుకోకుండా ఫోన్ చేసి అడగండి.

మందుల షాపులో ‘ఇది లేదు, ఇదీ అలాంటిదే’ అని వేరే మందు చేతిలో పెడితే తీసుకోవద్దు. మామూలు హెపారిన్, డాల్టెపారిన్, ఫోండాపారినక్స్ కూడా రక్తం గడ్డకట్టకుండా ఆపేవే, కానీ వాటి అంకెలు ఒకదానితో ఒకటి పోల్చేవి కావు. ఫోండాపారినక్స్ నివారణ మోతాదు రోజుకు రెండున్నర మిల్లీగ్రాములే. ఎనాక్సపారిన్‌కు అలవాటుపడిన కంటికి ఆ అంకె మరీ చిన్నదిగా కనిపించి, ‘తక్కువిచ్చారేమో’ అనిపిస్తుంది. ఎనాక్సపారినే వేరే కంపెనీదైతే పేరు మారినా మందు అదే, దాన్నయినా డాక్టరుకు చెప్పి తీసుకోండి.

కాలిలో గడ్డ ఇప్పటికే ఉన్నవాళ్లకు లెక్క వేరు. వాళ్లకు బరువును బట్టి, కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున 12 గంటలకు ఒకసారి రాస్తారు. అంటే 60 కిలోల మనిషికి పూటకు 60. అందుకే ఆస్పత్రిలో బరువు చూసినప్పుడు ‘ఓ యాభై అయిదు ఉంటానేమో’ అని ఉజ్జాయింపుగా చెప్పకుండా తూనిక మీద నిలబడండి. ఈ మందు ఎక్కువగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. అవి బాగా దెబ్బతిన్నవాళ్లలో మందు ఒంట్లోనే పేరుకుంటుంది, కాబట్టి మోతాదు తగ్గిస్తారు. షుగరు ఏళ్ల తరబడి ఉన్న పెద్దవాళ్ల విషయంలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేశారో, ఎంత వచ్చిందో ఇంటికి వెళ్లేముందే అడిగి రాయించుకోండి.

సూది వేసే విధానం

రోజూ ఒకే సమయం పెట్టుకోండి. మా వార్డులో సాయంత్రం ఆరింటికి వేస్తాం, ఇంట్లోనూ అదే కొనసాగిస్తే మంచిది. సబ్బుతో చేతులు కడుక్కోండి. పేషంటును వెనక్కి ఆనించి కూర్చోబెట్టండి, లేదా పడుకోబెట్టండి. నిలబడి ఉన్న మనిషికి వేయవద్దు. పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, భయపడి కళ్లు తిరిగితే పడిపోతారు కూడా.

చోటు పొట్ట మీద, బొడ్డుకు కనీసం అయిదు సెంటీమీటర్ల దూరంలో, కుడి లేదా ఎడమ పక్క. అయిదు సెంటీమీటర్లంటే మూడు వేళ్లు పక్కపక్కన పెట్టినంత. ఈ రోజు కుడివైపు వేస్తే రేపు ఎడమవైపు. పాత ఆపరేషన్ కుట్ల మచ్చ మీద, నిన్నటి కమిలిన చోట, చీర కుచ్చిళ్లు దోపే చోట, లుంగీ ముడి పడే చోట వేయవద్దు. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి, అది పూర్తిగా ఆరేవరకు ఆగండి. తడి ఉండగానే గుచ్చితే భగ్గున మండుతుంది. చాలామంది ‘సూది నొప్పి’ అని చెప్పేది ఈ మంటే.

మూతను మెలిపెట్టకుండా నేరుగా లాగండి. లోపల చిన్న గాలి బుడగ కనిపిస్తుంది. దాన్ని బయటికి నెట్టకండి. టీవీలో చూసి సిరంజిని పైకెత్తి, మందు చిమ్మించి బుడగ తీయాలనుకుంటారు. నింపి వచ్చిన ఈ సిరంజిలో ఆ పని చేస్తే మందు పోతుంది, మోతాదు తగ్గుతుంది. ఇక్కడ వేసేది నరంలోకి కాదు, చర్మం కింది కొవ్వులోకి. ఆ బుడగ వల్ల హాని లేదు, మందు చివరి చుక్క లోపలికి వెళ్లడానికి అదే సాయపడుతుంది. సూది మొనన మందు చుక్క వేలాడుతుంటే మాత్రం, మొన కిందికి ఉంచి సిరంజిని మెల్లగా తట్టి రాల్చండి. ఆ చుక్క చర్మంలో పడితే అక్కడ నల్లగా కములుతుంది. గీతలున్న పెద్ద సిరంజిలో కొంత మోతాదే ఇవ్వమన్నప్పుడు కూడా మొన కిందికి ఉంచే అదనపు మందు వదిలేయాలి, బుడగ మాత్రం లోపలే ఉండాలి.

ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలుతో పొట్ట చర్మాన్ని మడతగా పట్టండి. గిల్లినట్లు కాదు, మెత్తగా, నిండుగా. కుడి చేతిలో సిరంజిని కలంలా పట్టుకుని, ఆ మడత మీద నిటారుగా, సూది మొత్తం లోపలికి వెళ్లేలా దించండి. ఏటవాలుగా వద్దు. కండ ఇంజెక్షన్‌లో కొందరు చేసినట్లు ప్లంజర్‌ను, అంటే సిరంజి వెనక నొక్కే కాడను, వెనక్కి లాగి రక్తం వస్తుందేమోనని చూడవద్దు. మందును నెమ్మదిగా నెట్టండి. మనసులో పది లెక్కపెట్టేంతసేపు పట్టాలి. మడతను మాత్రం మొదటినుంచి చివరిదాకా వదలకూడదు. కొత్తగా వేసేవాళ్ల చేయి సరిగ్గా ఇక్కడే తప్పుతుంది: సూది దిగగానే ‘అమ్మయ్య’ అనుకుని ఎడమ చేయి వదిలేస్తారు. ప్లంజర్ చివరివరకు వెళ్లాక సూదిని దిగిన దారినే నిటారుగా తీసి, అప్పుడు మడత వదలండి.

తర్వాత రుద్దకూడదు. ఇది మన చేతులకు చాలా కష్టమైన మాట. చిన్నప్పటినుంచి ఇంజెక్షన్ అంటే దూది పెట్టి రుద్దడమే చూశాం. ఈ మందుతో రుద్దితే చర్మం కింద రక్తం చిమ్మి అరచేయంత నల్లమచ్చ పడుతుంది. పొడి దూది ఆనించి ఒకటి రెండు నిమిషాలు పట్టుకుంటే చాలు.

మోకాలు మార్పిడి అయిన ఒక పెద్దావిడకు ఇంటికి వెళ్లే ముందురోజు కోడలితో వేయించాను. ఆ అమ్మాయి చేయి వణుకుతోంది. మడత పట్టుకుని, ‘అత్తయ్యా, గట్టిగా ఊపిరి తీసి వదలండి’ అంది. ఆవిడ ఊపిరి వదులుతుండగా సూది దించింది. మందంతా నెట్టేశాక, ‘ఇంకా వేయలేదా అమ్మా?’ అని ఆవిడ అడిగింది. ఊపిరి వదిలేటప్పుడు పొట్ట వదులవుతుంది, సూది తెలియదు. ఎవరూ నేర్పకుండానే ఆ అమ్మాయికి తోచింది. అప్పటినుంచి నేనూ అందరికీ అలాగే చెబుతున్నాను.

రూపాయి బిళ్లంత నీలిమచ్చలు వస్తాయి, కొన్ని రోజులకు పసుపుపచ్చగా మారి పోతాయి. కంగారు అక్కర్లేదు. మచ్చ రోజురోజుకూ పెరుగుతున్నా, గట్టి గడ్డలా చేతికి తగులుతున్నా, ఆ చోట చర్మం నల్లబడి పుండులా అవుతున్నా చూపించాలి.

గోడ క్యాలెండరు

ప్రతి ఇంట్లో గోడకు తెలుగు క్యాలెండరు ఉంటుంది, తేదీ గడి పెద్దది. సూది వేయగానే ఆ గడిలో ‘కు’ అనో ‘ఎ’ అనో రాయండి, కింద సమయం వేయండి. ఏ పక్క వేశారో రేపు తడుముకోనక్కర్లేదు. పగలు కొడుకు, రాత్రి కూతురు చూసుకునే ఇళ్లలో ‘నువ్వు వేశావనుకున్నాను’ అని ఇద్దరూ మానేయడం, లేదా ఇద్దరూ వేయడం జరగదు. ఎప్పుడైనా మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేయండి. తర్వాతి మోతాదు సమయం దగ్గరపడి ఉంటే పోయినది వదిలేసి దాన్నే వేయండి. రెండూ కలిపి మాత్రం ఎన్నడూ వేయవద్దు. పొరపాటున రెండు మోతాదులు వేసేశారని తెలిస్తే రక్తం కారేవరకు చూడకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి.

మిగిలిన రోజంతా

నాకు అన్నిటికంటే భయం కలిగించే సంగతి ఇది. ఆపరేషన్ అయిన కాలు రాత్రి నొప్పి పెడుతుంది. వీధి చివరి ఆర్‌ఎంపీకి కబురు వెళుతుంది. ఆయన వచ్చి పిరుదుకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తాడు. రోజూ అందరికీ వేసేదే, ఆయనకు దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఎనాక్సపారిన్ మీద ఉన్న మనిషికి కండలోకి సూది గుచ్చితే లోపల రక్తం చేరి పిరుదు రాయిలా గట్టిపడుతుంది. దానికితోడు డైక్లోఫెనాక్ కూడా రక్తస్రావాన్ని పెంచే మందే. ఒకే సూదిలో రెండు ప్రమాదాలు. ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, యాస్పిరిన్ బిళ్లలూ ఇదే కోవలోవి. నొప్పికి ఏది వాడాలో ఇంటికి వెళ్లేముందే డాక్టరు చేత రాయించుకోండి. సాధారణంగా పారాసిటమాల్ రాస్తారు. గుండె కోసం ముందునుంచీ యాస్పిరిన్ వాడుతున్నవాళ్లు దాన్ని సొంతంగా ఆపకూడదు, సొంతంగా కొనసాగించనూ కూడదు. అడగాలి.

ఆర్‌ఎంపీ గారికి, ఏఎన్‌ఎంకు, పళ్ల డాక్టరుకు ‘రక్తం గడ్డకట్టకుండా పొట్టలో ఇంజెక్షన్ తీసుకుంటున్నాం’ అన్న ఒక్క మాట ముందే చెప్పండి. వెన్నులో మత్తు ఇచ్చే ఆపరేషన్ ఏదైనా ముందుంటే మత్తు డాక్టరుకు చివరి సూది వేసిన గంట కూడా చెప్పాలి. నివారణ మోతాదు తర్వాత కనీసం 12 గంటలు, బరువు లెక్కన ఇచ్చే పూర్తి మోతాదు తర్వాత 24 గంటలు గడవకుండా వెన్నులో సూది దించరు. తొందరపడితే వెన్నుపాము చుట్టూ రక్తం చేరి కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. ఆ గంట మీ క్యాలెండరు గడిలో ఉంటుంది.

పిక్క వాచి నొప్పిగా ఉంటే నూనె రాసి పట్టకండి. ప్రేమతోనే పడతారు, తెలుసు. లోపల గడ్డ ఉంటే పిసకడం వల్ల ఊడి పైకి పోవచ్చు. ఒక కాలే వాచడం, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం: వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. మందు వేస్తున్నాం కదా, గడ్డ రాదులే అనుకోవద్దు. మందు ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా తీసేయదు.

రక్తస్రావం వైపు గుర్తులు: ముక్కు గట్టిగా పట్టుకున్నా పది నిమిషాల్లో ఆగని రక్తం, తారులా నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, కాఫీ రంగు వాంతి, కుట్ల దగ్గర తడుస్తూనే ఉండే కట్టు. భరించలేని తలనొప్పి, మాట తడబడటం, ఒక పక్క చేయి లేవకపోవడం కూడా. స్నానాలగదిలో జారి తల తగిలితే, బొప్పి కట్టకపోయినా, మనిషి బాగానే మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి. లోపలి రక్తస్రావం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. అత్యవసరంలో విరుగుడుగా ప్రోటమిన్ అనే మందు ఆస్పత్రుల్లో ఇస్తారు. మామూలు హెపారిన్‌ను అది దాదాపు పూర్తిగా అణచివేస్తుంది, ఎనాక్సపారిన్‌ను కొంతమేరకే. అందుకని ‘విరుగుడు ఉంది కదా’ అన్న ధీమా పెట్టుకోవద్దు.

ఇంకొకటి అరుదుగా వస్తుంది గాని వస్తే పెద్ద ప్రమాదం. ఎనాక్సపారిన్ హెపారిన్ జాతి మందే. ఈ జాతి మందులు మొదలుపెట్టిన అయిదు నుంచి పది రోజుల మధ్య కొందరిలో ప్లేట్‌లెట్లు సగానికి సగం పడిపోతాయి. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారాలి, ఇందులో మాత్రం తిరగబడి గడ్డలు కడతాయి. మామూలు హెపారిన్‌తో ఇది ఎక్కువ, ఎనాక్సపారిన్‌తో తక్కువ. మీ డాక్టరు ‘ఫలానా రోజున ప్లేట్‌లెట్ పరీక్ష’ అని రాస్తే అది ఇందుకే, ఖర్చని మానేయకండి. గతంలో ఎప్పుడైనా హెపారిన్ పడలేదని చెప్పి ఉంటే మొదటి సూదికి ముందే ఆ మాట చెప్పండి.

గర్భిణులకు

పదేపదే గర్భం పోయి, రక్తం తేలిగ్గా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ సమస్య ఉందని తేలిన అమ్మాయిలకు నెలల తరబడి ఈ ఇంజెక్షన్లు ఇస్తారు. ‘బిడ్డకేమైనా అవుతుందా సిస్టర్?’ అని అడగని తల్లి లేదు. హెపారిన్ జాతి మందులు మాయను దాటి బిడ్డలోకి వెళ్లవు. రక్తం గడ్డకట్టకుండా నోటితో వేసుకునే వార్ఫరిన్ బిళ్లలు దాటుతాయి, అందుకే కడుపుతో ఉన్నప్పుడు బిళ్లలు ఆపి సూదికి మారుస్తారు. పొట్ట పెరిగాక పక్కలకు జరిగి వేసుకోవచ్చు, తొడ బయటివైపు కూడా వేసుకోవచ్చు. ఏది మీకు వీలో వేసేముందు చూపించుకోండి. బరువు మారుతుంది కాబట్టి కొందరికి మందు ఒంట్లో ఎంత పనిచేస్తోందో చూసే యాంటీ-టెన్‌ఎ అనే రక్తపరీక్ష చేస్తారు. ఆ నమూనాను సూది వేసిన నాలుగు గంటల ప్రాంతంలో తీయాలి. ఎప్పుడు పడితే అప్పుడు తీస్తే వచ్చిన అంకెకు అర్థం ఉండదు, ల్యాబుకు వెళ్లేముందు గంట చూసుకుని వెళ్లండి. నొప్పులు మొదలైతే తర్వాతి సూది వేసుకోకుండా ఆస్పత్రికి రండి.

ఎండాకాలం, పెట్టె, బిల్లు

పెట్టె మీద 25 డిగ్రీలు దాటరాదని, ఫ్రీజ్ చేయరాదని ఉంటుంది. గుంటూరు మే నెలలో ఇంట్లో 25 డిగ్రీలు అయ్యే పని కాదు. నెలకు సరిపడా ఒకేసారి కొని బీరువాలో పెట్టే బదులు, ఏసీ ఉన్న మందుల షాపులో మూడు నాలుగు రోజులకు సరిపడా తీసుకుంటూ ఉండండి. ఫ్రిజ్ మీద పెట్టకండి, అక్కడ వేడి. ఫ్రీజర్‌లో అసలు వద్దు. స్కూటరు డిక్కీలో మరచిపోయి ఎండలో మగ్గినవి వాడకండి. ద్రవం నీళ్లలా తేటగానో, కాస్త లేత పసుపుగానో ఉండాలి. మసకబారినా, నలకలు కనిపించినా షాపుకు తిరిగి ఇచ్చేయండి.

బిల్లు తీసుకోండి, కోర్సు పూర్తయ్యేవరకు పెట్టె దాచండి. దానిమీద బ్యాచ్ నంబరు ఉంటుంది. ఇది చాదస్తం కాదు. హెపారిన్‌ను పంది పేగుల లోపలి పొరనుంచి తీస్తారు. దాన్నుంచే ఎనాక్సపారిన్ తయారవుతుంది. 2008లో చైనా నుంచి వచ్చిన ముడిసరుకులో హెపారిన్‌లా కనిపించే మరో పదార్థం కలిసి, అమెరికాలో రోగులకు తీవ్రమైన అలర్జీలు వచ్చాయి, మరణాలూ జరిగాయి. అప్పుడు చెడ్డ సరుకును గుర్తించి వెనక్కి రప్పించింది బ్యాచ్ నంబర్లను పట్టుకునే. పంది నుంచి వచ్చిన మందు మతపరంగానో ఆహార నియమాల వల్లనో వద్దనుకునేవాళ్లు మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పండి. ఫోండాపారినక్స్ పూర్తిగా రసాయనికంగా తయారైనది. అందరికీ సరిపడదు గాని, అడిగితే ఆలోచిస్తారు. చెప్పకుండా లోలోపల మధనపడి సూది మానేయడం మాత్రం వద్దు.

పక్కింటివాళ్లకు రాసిన మోతాదు మీకు పనికిరాదని చెప్పడానికి కోవిడ్ కాలం గుర్తుచేస్తాను. 2021లో రెండో విడతలో ఈ ఇంజెక్షన్ల కోసం జనం షాపుల వెంట తిరిగారు. ఎక్కువ మోతాదు అయితే ఎక్కువ మేలని చాలామంది నమ్మారు. అదే ఏడాది అనేక దేశాల ఆస్పత్రులు కలిసి చేసిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆస్పత్రిలో ఉన్నా ఐసీయూ అవసరంలేనివాళ్లకు హెపారిన్ పూర్తి మోతాదు మేలు చేసింది. ఐసీయూలో ఉన్నవాళ్లకు అదే మోతాదు మేలు చేయలేదు. జబ్బు ఒకటే, మందు ఒకటే, మోతాదూ ఒకటే. మనిషి ఉన్న దశ మారితే ఫలితం మారిపోయింది.

వాడిన సూదులు

వాడిన సిరంజికి మూత మళ్లీ పెట్టవద్దు, ఎక్కువసార్లు వేలికి గుచ్చుకునేది అప్పుడే. సూదిని కప్పేసే తొడుగు ఉన్న రకమైతే, సూది బయటికి తీశాక ప్లంజర్‌ను గట్టిగా నొక్కితే తొడుగు దిగుతుంది. తొడుగు ఉన్నా లేకున్నా, బట్టలుతికే ద్రవం వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసా ఒకటి ఖాళీది పక్కన పెట్టుకుని, సూది కిందికి ఉండేలా అందులో వేయండి. సీసా మీద ‘సూదులు’ అని రాసి, పిల్లలకు అందని చోట ఉంచండి. ముప్పావు నిండగానే మూత బిగించండి. తడి చెత్త, పొడి చెత్త డబ్బాల్లో వేయకండి. పొద్దున్నే మన వీధికి వచ్చే పారిశుద్ధ్య కార్మికులు ఆ సంచుల్లో చేయి పెట్టి వేరుచేస్తారు, చాలామందికి చేతులకు సరైన తొడుగులు కూడా ఉండవు. కుట్లు తీయించుకోవడానికి వచ్చేటప్పుడు ఆ సీసా మాకు తెచ్చివ్వండి. సూదుల కోసం ఆస్పత్రిలో తెల్లడబ్బా ఉంటుంది, అందులో వేస్తాం. డాక్టరు ఆపమన్న తర్వాత మిగిలిన నిండు సిరంజిలు కూడా అప్పుడే తీసుకురండి. కాలు వాచిందని అడిగిన చుట్టాలకు ఇవ్వకండి.